చెర నుంచి వచ్చిన సైనికుడి గౌరవం కోసం కాగితాలు కూర్చే పద్ధతి

డిసెంబర్ వస్తే విశాఖపట్నం 1971 యుద్ధాన్ని తలుచుకుంటుంది. మన తీరానికి దగ్గర్లో ఘాజీ జలాంతర్గామి మునిగిన కథ బీచ్ రోడ్డులో ఆడుకునే పిల్లలకు కూడా తెలుసు. నౌకాదళ దినోత్సవ విన్యాసాలకు రామకృష్ణా బీచ్ జనంతో నిండిపోతుంది. ఆ జనంలో నిలబడ్డ ప్రతిసారీ నాకు మా మేనమామ గుర్తుకొస్తారు. ఆయన నౌకాదళం కాదు, ఫిరంగి దళంలో వైర్‌లెస్ ఆపరేటర్. అదే డిసెంబర్‌లో జమ్మూ వైపు ఉన్న ఛంబ్ సెక్టార్‌లో శత్రువుకు చిక్కారు. దాదాపు ఏడాది పాకిస్తాన్ చెరలో ఉండి, 1972 డిసెంబర్ 1న వాఘా దాటి వచ్చారు. 2011లో ఆయన కన్నుమూసేనాటికి ఇంట్లో ఒక్క పతకమూ లేదు.

నేను నౌకాదళంలో రైటర్‌గా పనిచేశాను. అంటే నావికుల సర్వీసు కాగితాలు, జీతాలు, పెన్షన్లు చూసే పని. ఇరవై నాలుగేళ్లు ఇతరుల కాగితాలు సరిచేసిన నేను సొంత మేనమామ కాగితాలు ఆయన ఉండగా చూడలేదు. పోయాక చూశాను. ఆ తర్వాత మల్కాపురం, గాజువాక, పెందుర్తి వైపు నుంచి మరికొన్ని కుటుంబాలు వచ్చాయి. వాళ్లందరికీ చెప్పినదే ఇక్కడ రాస్తున్నాను.

మొదట తెలుసుకోవలసింది: మన దేశంలో యుద్ధఖైదీలకంటూ ప్రత్యేక పతకం లేదు. అమెరికాలో ఉంది. అక్కడ 1985లో చట్టం చేసి, 1917 ఏప్రిల్ 5 తర్వాత చెరపడిన వారికి వర్తింపజేశారు. చెరలో ప్రవర్తన గౌరవప్రదంగా ఉండాలని షరతు పెట్టారు. మన దగ్గర చెరలో చూపిన స్థైర్యాన్ని మామూలు శౌర్య పురస్కారాల ద్వారానే గుర్తిస్తారు. కార్గిల్ సమయంలో 1999 మే 27న పట్టుబడి జూన్ 3న తిరిగివచ్చిన వాయుసేన పైలట్ నచికేతకు వాయుసేనా పతకం ఇచ్చారు. 2019 ఫిబ్రవరి 27న చిక్కి మార్చి 1న తిరిగివచ్చిన అభినందన్ వర్ధమాన్‌కు వీర చక్ర వచ్చింది. అది ప్రధానంగా గగనతల పోరాటానికి ఇచ్చిందే అయినా, శత్రువు చేతిలో ఉన్నప్పుడు ఆయన నిబ్బరంగా, హుందాగా నడుచుకున్న తీరును కూడా ప్రశస్తిపత్రంలో చెప్పారు.

అంతకుముందు బ్రిటిష్ కాలంలో ఒక హైదరాబాదీ ఉన్నారు. ఆయన గురించి మన పిల్లలకు చెప్పాలి. కెప్టెన్ మతీన్ అహ్మద్ అన్సారీ, రాజ్‌పుత్ రెజిమెంట్. 1941 డిసెంబర్ 25న హాంకాంగ్ పడిపోయినప్పుడు జపాన్ సైన్యానికి చిక్కారు. నిజాం వంశానికి బంధువని తెలిసి, తమవైపు తిరగమని ఒత్తిడి చేశారు, హింసించారు, ఆకలితో మాడ్చారు. ఆయన లొంగలేదు. 1943 అక్టోబర్‌లో ఆయనకు మరణశిక్ష అమలు చేశారు. 1946లో మరణానంతరం బ్రిటిష్ సాహస పురస్కారం జార్జ్ క్రాస్ ప్రకటించారు. ఆ పురస్కారం కేవలం చెరలో నిలబడ్డ తీరుకే. సమాధి హాంకాంగ్‌లోని స్టాన్లీ సైనిక శ్మశానంలో ఉంది.

ఇవి చదవగానే కుటుంబాలకు ఆశ పుడుతుంది. ‘మా నాన్నగారికి కూడా వీర చక్ర అడుగుదాం’ అంటారు. అక్కడే ఆపుతాను. శౌర్య పురస్కారానికి సిఫారసు కుటుంబం చేసేది కాదు. ఆ రోజు ఆయన పైన ఉన్న కమాండింగ్ ఆఫీసర్, ప్రత్యక్ష సాక్షుల వాంగ్మూలాలతో మొదలుపెట్టాలి. అది పై స్థాయిలన్నీ దాటి రాష్ట్రపతి దగ్గరికి చేరాలి. యాభై ఏళ్ల తర్వాత మొదటి ఉత్తరంలోనే శౌర్య పతకం అడిగితే, మర్యాదగా తిరస్కరించిన రెండు వాక్యాల జవాబు వస్తుంది. ఆ జవాబుతో మనసు విరిగి ఆగిపోయిన కుటుంబాలను చూశాను. మొదట అడగవలసినవి రెండే: ఆయనకు ఇప్పటికే హక్కుగా రావలసిన పతకాలు, చెరలో ఉన్న కాలం గురించి సర్వీసు రికార్డులో ఉన్న నమోదు. ఈ రెండూ ఇవ్వడం దయ కాదు, బాకీ.

ట్రంకు పెట్టెతో మొదలుపెట్టండి

దాదాపు ప్రతి సైనికుడి ఇంట్లోనూ ఒక నల్ల ట్రంకు పెట్టె ఉంటుంది, మూత మీద తెల్ల రంగుతో నంబరు, పేరు రాసి. అందులో డిశ్చార్జి పుస్తకం, పెన్షన్ మంజూరు పత్రం, పాత ఫోటోలు, ఉత్తరాలు వెతకండి. మీకు కావలసినవి సర్వీసు నంబరు, హోదా, పూర్తి పేరు, యూనిట్, చేరిన తేదీ, విడుదలైన తేదీ. వీటిలో నంబరే ప్రాణం. ఒకే పేరుతో ఒకే రెజిమెంట్‌లో పది మంది ఉండవచ్చు, నంబరు మాత్రం ఒక్కరిదే.

చెరలో నుంచి వచ్చిన కార్డు దొరికితే దాన్ని బంగారంలా చూసుకోండి. 1949 నాటి మూడో జెనీవా ఒప్పందం ప్రకారం, పట్టుబడిన సైనికుడు శిబిరానికి చేరిన వారం లోపు ఇంటికి, రెడ్‌క్రాస్ నడిపే సమాచార సంస్థకు ఒక్కో కార్డు రాసుకునే అవకాశం ఇవ్వాలి. ఆ తర్వాత నెలకు కనీసం రెండు ఉత్తరాలు, నాలుగు కార్డులు రాయనివ్వాలి. కాబట్టి ఆ కార్డు ఇంటికి వచ్చిన ఉత్తరం మాత్రమే కాదు, ఆయన చెరలో ఉన్నారనడానికి సాక్ష్యం. దాన్ని లామినేషన్ చేయించవద్దు. వేడికి సిరా పాడవుతుంది, ఆ ప్లాస్టిక్ మళ్లీ ఊడిరాదు. రెండు వైపులా పగటి వెలుగులో ఫోటో తీసి, సన్నని తెల్ల కాగితం మడతలో పెట్టండి.

మా అత్తయ్య దాచిన కార్డు నేను మొదటిసారి చేతిలోకి తీసుకున్నప్పుడు అది తమలపాకంత మెత్తగా ఉంది. లోపల విషయం ఎవరిచేతనో హిందీలో రాయించారు: క్షేమంగా ఉన్నాను, మీరు క్షేమమని తలుస్తాను, పెద్దవాణ్ని బడికి పంపండి. కింద మూలలో సంతకం మాత్రం తెలుగులో ఉంది. ‘ఆ నాలుగు అక్షరాలు చూశాకే నాకు అన్నం సయించింది నాయనా’ అంది అత్తయ్య. పేరు పక్కన నంబరు ఉంది. మధ్యలో మడత పడి, ఒక అంకె ఒకటో ఏడో తెలియకుండా చెరిగిపోయింది. డిశ్చార్జి పుస్తకంలో కూడా సరిగ్గా అక్కడే చెద తినేసింది. నేను ఒకటి అనుకున్నాను. ఆ తప్పుకు ఎనిమిది నెలలు పట్టింది.

ఎవరికి రాయాలి

ఢిల్లీకి రాయడం కాదు, రికార్డ్ ఆఫీసుకు రాయాలి. సైన్యంలో ఒక్కో దళానికి ఒక్కో రికార్డ్ ఆఫీసు ఉంటుంది. ఫిరంగి దళానిది నాసిక్ రోడ్, మద్రాస్ రెజిమెంట్‌ది వెల్లింగ్టన్, ఇంజనీరింగ్ దళమైన మద్రాస్ సాపర్లది బెంగళూరు, సిగ్నల్స్‌ది జబల్‌పూర్, ఆయుధాలు, వాహనాలు మరమ్మతు చేసే ఈఎంఈది సికింద్రాబాద్. నావికుల కాగితాలు ముంబైలోని బ్యూరో ఆఫ్ సెయిలర్స్ చూస్తుంది. వాయుసేన వారివి ఢిల్లీ సుబ్రతో పార్క్‌లో ఉంటాయి. మన జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి డిశ్చార్జి పుస్తకంతో వెళ్తే సరైన చిరునామా చెబుతారు. వారి ముద్రతో ఉత్తరం పంపిస్తే జవాబు త్వరగా వస్తుందని నా అనుభవం.

ఉత్తరం ఇంగ్లీషులోగానీ హిందీలోగానీ ఒక్క పేజీ దాటకుండా ఉండాలి. పైన నంబరు, హోదా, పేరు, యూనిట్. తర్వాత మీరు ఆయనకు ఏమవుతారో, దానికి రుజువు ఏమి జతచేశారో రాయండి. ఆ కింద అడగవలసినవి వేర్వేరు వాక్యాల్లో అడగండి: ఆయన ఏయే పతకాలకు అర్హులు, వాటిలో ఏవి ఇచ్చారు, ఇవ్వనివి ఇప్పుడు పంపగలరా, యుద్ధఖైదీగా ఉన్న కాలం ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు నమోదైంది, ఆ కాలాన్ని డ్యూటీగా లెక్కించారా, తిరిగివచ్చాక జరిగిన విచారణలో ఏమని తేల్చారు. ఆయన త్యాగం గురించి, మీ కష్టాల గురించి అక్కడ రాయవద్దు. అవి నిజమే. కానీ ఆ ఉత్తరం చదివే గుమాస్తాకు వెతకడానికి పనికొచ్చేవి అంకెలూ తేదీలే.

ఆ చివరి ప్రశ్న ఎందుకంటే, చెర నుంచి తిరిగివచ్చిన సైనికుణ్ని ఎలా పట్టుబడ్డాడు, లోపల ఎలా నడుచుకున్నాడు అని విచారిస్తారు. ఆ విచారణ ముగిసేదాకా జీతాన్ని నిలిపి ఉంచే అధికారం కూడా 1950 ఆర్మీ చట్టంలో ఉంది. ‘దోషం లేదు’ అని తేలితే ఆ ఒక్క వాక్యం కుటుంబానికి పతకంతో సమానం. చాలా ఇళ్లలో ఆ మాట ఎవరూ చూడలేదు. ఊళ్లో ఎవరో ‘చేతులెత్తేసి లొంగిపోయాడట’ అన్న మాట మాత్రం తరాలుగా వింటున్నారు. ఆ వాక్యం కాగితం మీద తెప్పించుకోండి.

పతకాల విషయంలో 1971 వారికి గుర్తుపెట్టుకోవలసినవి మూడు. పశ్చిమ రంగంలో ఉన్నవారికి పశ్చిమీ స్టార్, తూర్పు రంగంలో ఉన్నవారికి పూర్వీ స్టార్. దాంతోపాటు సంగ్రామ్ మెడల్. మూడోది చాలామంది మరిచిపోతారు: 1972 ఆగస్టు 15న సర్వీసులో ఉన్న ప్రతి సైనికుడికీ ఇచ్చిన స్వాతంత్ర్య రజతోత్సవ పతకం. ఆ రోజు మా మామయ్య ముళ్ల తీగల వెనక ఉన్నారు. అయినా సర్వీసులోనే ఉన్నారు, కాబట్టి అది ఆయనది. 1965లో పోరాడినవారికి సమర్ సేవా స్టార్, రక్షా మెడల్ ఉన్నాయి. వీటికి డబ్బు రాదు. నెలసరి భత్యం శౌర్య పురస్కారాలకే ఉంటుంది. 2017 ఆగస్టు 1 నుంచి వీర చక్రకు నెలకు 7,000 రూపాయలు, శౌర్యానికి ఇచ్చే సేనా పతకానికి 2,000 రూపాయలు చేశారు. పతకం తెప్పిస్తానని డబ్బు అడిగే మధ్యవర్తిని ఇంటి గడప ఎక్కనివ్వకండి.

ఉత్తరం స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచండి. రెండు నెలల్లో జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం కింద ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేయండి. రుసుము 10 రూపాయలు, గడువు 30 రోజులు. వ్యక్తిగత సమాచారం అని తిరస్కరిస్తే, వారసత్వ రుజువు జతచేసి, 20 ఏళ్లు దాటిన సంఘటనల గురించి ఆ చట్టంలోని 8(3) సెక్షన్ ఏమంటుందో ప్రస్తావిస్తూ మొదటి అప్పీలు వేయండి. దానికి 30 రోజుల గడువు ఉంటుంది.

మాకు మొదటి జవాబు ఒక కార్యాలయం నుంచి మూడు నెలలకు వచ్చింది. ‘ఈ నంబరుతో ఈ పేరు గల వ్యక్తి లేడు’ అని రాశారు. అత్తయ్యకు ఆ ఉత్తరం చదివి వినిపించలేకపోయాను.

సాక్షి దగ్గర కూర్చోవడం

ఈ పనిలో అన్నిటికన్నా విలువైనది, అన్నిటికన్నా త్వరగా చేయవలసినది ఇదే. కాగితాలు రికార్డ్ ఆఫీసులో ఇంకొంత కాలం ఉండవచ్చు. ఆయనతో పాటు చెరలో ఉన్నవారు ఉండరు. పాత ఫోటోల వెనక పేర్లు చూడండి. మాజీ సైనికుల వైద్యశాలలో, క్యాంటీన్ వరుసలో అడగండి. రెజిమెంట్ సంఘాల వార్షిక సమావేశాలకు వెళ్లండి. నాకు మనిషి దొరికింది క్యాంటీన్ వరుసలోనే. నా ముందు నిలబడ్డ పెద్దాయన ఫిరంగి దళమని చెప్పారు. ఛంబ్ అనగానే, బొబ్బిలి దగ్గర తన బావమరిది ఉన్నాడని, అతను కూడా అక్కడే చిక్కాడని అన్నారు. మరుసటి ఆదివారమే బస్సెక్కాను.

ఇలాంటి మనిషి దగ్గరికి వెళ్లినప్పుడు ‘మిమ్మల్ని కొట్టారా’ అని మొదలుపెట్టవద్దు. ‘మా మామయ్య ఎలా ఉండేవారు’ అన్నా కూడా ‘మంచివాడు’ అనే జవాబే వస్తుంది. చిన్న విషయాలు అడగండి. పొద్దున్న ఏమి ఇచ్చేవారు, దుప్పట్లు ఎన్ని, నీళ్లు ఎక్కడి నుంచి, తేదీ ఎలా తెలిసేది. వాటి వెంట మిగతావి అవే వస్తాయి. ఫోనులో రికార్డు చేసే ముందు అనుమతి అడగండి. ఆయన మౌనంగా ఉంటే మీరూ మౌనంగా ఉండండి. భోజనం వేళకు లేచిపోవాలని చూడకండి. నాకైతే అసలు మాట భోజనం తర్వాతే బయటపడింది.

ఆయన చెప్పింది ఇది. మొదటి వారాల్లో ఇద్దరినీ పక్కపక్క గదుల్లో పెట్టారు. మామయ్య వైర్‌లెస్ మనిషి కాబట్టి ఆయన నోటి నుంచి తరంగాల వివరాలు, సంకేత పదాలు రాబట్టాలని చూశారు. జెనీవా ఒప్పందం ప్రకారం ఖైదీ చెప్పవలసినవి పేరు, హోదా, పుట్టిన తేదీ, నంబరు, అంతే. ‘రాత్రంతా గోడ అవతల ఒకటే గొంతు నాయనా. వాళ్లు ఏది అడిగినా ఆయన నంబరే చెప్పేవాడు. ఒక్కోసారి గట్టిగా, ఒక్కోసారి గొణిగినట్టు. అది వింటూ నేను కూడా నా నంబరు మనసులో చెప్పుకునేవాణ్ని.’

ఇలా అని, నేను అడగకుండానే, ఆయన మా మామయ్య ఏడంకెల నంబరు గడగడా చెప్పేశారు. నలభై అయిదేళ్ల తర్వాత. నేను ఒకటి అనుకున్న చోట ఏడు ఉంది.

అక్కడే నా పుస్తకంలో రాసుకున్నాను. చేయి వణికింది. ఆయన పుస్తకం తీసుకుని అంకెలు మరోసారి చూసి, సరిగానే రాశావన్నట్టు తలూపారు.

సాక్షి మాటను కాగితం మీద పెట్టేటప్పుడు ఆయన చూసింది, విన్నది మాత్రమే రాయండి. ‘అసమాన ధైర్యసాహసాలు ప్రదర్శించారు’ అని మీరు చేర్చిన మాట ఆ వాంగ్మూలాన్ని బలహీనం చేస్తుంది. ‘పక్క గదిలోంచి రాత్రంతా ఆయన నంబరు తప్ప మరో మాట వినలేదు’ అన్నది చాలు. రోజు, స్థలం, ఎంత దూరంలో ఉన్నారు, ఎవరెవరు ఉన్నారు అన్నవి తప్పకుండా ఉండాలి. తెలుగులోనే రాసి, చదివి వినిపించి, సంతకం పెట్టించి, నోటరీ చేయించండి. ఇంగ్లీషు అనువాదాన్ని వేరే కాగితంగా జతచేయండి. మా సాక్షి మొత్తం విని ఒక్కటి దిద్దమన్నారు. నేను ‘వారం రోజులు’ అని రాశాను. ‘ఆరు రాత్రులు. ఏడోది నేను వినలేదు, నన్ను అప్పటికి మార్చేశారు’ అన్నారు. అలా దిద్దిన వాంగ్మూలాన్ని ఎవరూ అనుమానించలేరు.

రెండో ప్రపంచ యుద్ధం నాటి తాతగారైతే

దారి కొంచెం వేరు. 1942 ఫిబ్రవరి 15న సింగపూర్ పడినప్పుడు చిక్కిన మద్రాసు ప్రాంతపు వారి వారసులు మన ఉత్తర కోస్తాలో ఇంకా ఉన్నారు. జెనీవాలోని అంతర్జాతీయ రెడ్‌క్రాస్ సంఘం పాత యుద్ధఖైదీల వివరాలను కుటుంబాలకు వెతికి ఇస్తుంది. దరఖాస్తులు ఎప్పుడూ తెరిచి ఉండవు, విడతలుగా తీసుకుంటారు. లండన్ జాతీయ పత్రాగారంలో డబ్ల్యూవో 373 అనే వరుసలో పురస్కారాల సిఫారసులు, డబ్ల్యూవో 345లో జపాన్ వారు ఖైదీలకు రాసుకున్న కార్డులు ఉన్నాయి. లండన్ గెజిట్ ఉచితంగా చూడవచ్చు. అక్కడే మరణించి ఉంటే కామన్వెల్త్ యుద్ధ సమాధుల సంఘం జాబితాలో పేరు వెతకండి. మన అక్షరాలు ఇంగ్లీషులో ఎన్ని రకాలుగా రాయవచ్చో అన్ని రకాలుగానూ వెతకాలి.

ఆయన ఆజాద్ హింద్ ఫౌజ్‌లో చేరి ఉంటే ఆ కాగితాలు స్వాతంత్ర్య సమరయోధుల పెన్షన్ పథకం వైపు ఉంటాయి. చేరకుండా శిబిరంలోనే ఉండిపోయి ఉంటే బ్రిటిష్ రికార్డుల్లో ఉంటాయి. ఏది గొప్ప అని ఇంట్లో తగాదా పెట్టుకోకండి. ఆకలితో, కత్తి మొన ముందు నిలబడి ఆయన తీసుకున్న నిర్ణయం అది. రెండు చోట్లా వెతకండి.

జవాబు వచ్చాక

సరైన నంబరుతో, వాంగ్మూలం జతచేసి రాసిన ఉత్తరానికి జవాబు రెండు నెలల లోపే వచ్చింది. చెరలో ఉన్న తేదీలు, ఆ కాలం డ్యూటీగా లెక్కించినట్టు, విచారణలో దోషం లేదని తేలినట్టు ఒక పేజీ. మూడు పతకాలకు అర్హులని, పంపుతున్నామని రెండో పేజీ. సాక్షి వాంగ్మూలాన్ని ఫైలులో చేర్చామని చివర ఒక వాక్యం. శౌర్య పురస్కారం రాలేదు, మేము అడగలేదు. వాంగ్మూలం ప్రతులు మూడు తీయించాను. ఒకటి సాక్షికి, ఒకటి అత్తయ్యకు, ఒకటి మామయ్య చదివిన బడి ప్రధానోపాధ్యాయుడికి. ఆ ఏడాది డిసెంబర్‌లో బడి పిల్లలకు ఆయన అది చదివి వినిపించారు.

పతకాలు చేతికి రాగానే అంచు చూడండి. అక్కడ చెక్కిన నంబరు, పేరు తప్పుంటే వెంటనే తిప్పి పంపాలి. ఇత్తడి సామాను తోమే పొడితో రుద్దవద్దు, అక్షరాలు అరిగిపోతాయి. విశాఖ ఉప్పుగాలికి రిబ్బన్లు ఏడాదిలో మచ్చలు పడతాయి. గాలి చొరని డబ్బాలో, తేమ పీల్చే చిన్న పొట్లాలు వేసి ఉంచండి. ఆ పొట్లాలు వానాకాలంలో రెండుసార్లు మార్చాలి. గోడకు తగిలించాలనుకుంటే సముద్రం వైపు గోడ వద్దు.

అత్తయ్యకు చూపు సరిగా లేదు. రజతోత్సవ పతకాన్ని అరచేతిలో పెడితే, అంచు మీద బొటనవేలు మెల్లగా తిప్పుతూ, ఒక్కో అంకె దగ్గర ఆగి పైకి చెప్పింది. నాలుగో అంకె దగ్గర ‘ఏడు’ అంది.